ఘాట్ మలుపులో స్టెబిలైజర్ బార్: జయపురం మెకానిక్కులతో, డ్రైవర్లతో మాట్లాడిన మాటలు

అన్నలకి, తమ్ముళ్ళకి, మన మధ్య కూర్చున్న ఒడియా మిత్రులకి నమస్కారం.

విశ్వకర్మ పూజ రోజు షెడ్డులో ఎవరూ స్పానర్ పట్టరు. సెప్టెంబరు 17న పనిముట్లన్నిటికీ బొట్టు పెట్టి పక్కన పెడతాం. మళ్ళీ దసరాకి మన తెలుగు ఇళ్ళల్లో ఆయుధ పూజ ఎలాగూ ఉంటుంది. చేతులకి పని లేని రోజు కాబట్టి చాలా ఏళ్ళుగా చెప్పాలనుకుంటున్న ఒక విషయం ఈ పూట చెబుతాను. మధ్యలో కొంచెం లెక్కలు వస్తాయి, విసుక్కోవద్దు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చిన విక్రమదేవ వర్మ మహారాజు ఊరు మన ఒడిశా జయపురం. ఆ విశ్వవిద్యాలయం సైన్సు కాలేజీకి ఆయన పేరే పెట్టారు. ఆ ఊళ్ళో నాలుగు గుణకారాలు వినడం కష్టం కాకూడదు.

ఈమధ్య నా దగ్గరకి వచ్చే కుర్రాళ్ళలో చాలామంది ఒకటే అడుగుతున్నారు. "మావయ్యా, మలుపులో బండి ఒరిగిపోతోంది, లావు స్టెబిలైజర్ బార్ వెయ్యి." ట్యాక్సీ ఓనర్లు కూడా అదే మాట. సాలూరు ఘాట్ దిగుతుంటే ప్యాసింజర్లు వాంతులు చేసుకుంటున్నారు, ఏదైనా చెయ్యమంటారు. వాళ్ళు అడిగేది న్యాయమే. కానీ బండి ఒరగడం వేరు, బండి జారడం వేరు. ఒరగడం కంటికి కనిపిస్తుంది కాబట్టి అందరూ దాన్ని చూసే భయపడతారు. జారడం జరిగేదాకా కనిపించదు. ఒరగడం తగ్గించబోయి జారడం పెంచుకున్న బళ్ళు నేను చూశాను. ఒకటి నా చేత్తో నేనే అలా చేశాను. అది తర్వాత చెబుతాను.

ముందు ఆ బార్ ఏమిటో చూద్దాం. మన షెడ్డుల్లో స్టెబిలైజర్ రాడ్ అంటాం, కుర్రాళ్ళు స్వే బార్ అంటారు, పుస్తకాల్లో యాంటీ రోల్ బార్ అని ఉంటుంది. మూడూ ఒకటే వస్తువు. ఇంగ్లీషు యు అక్షరంలా వంచిన స్ప్రింగ్ స్టీలు కడ్డీ. దాని నడుం రెండు రబ్బరు బుష్‌ల మీద ఛాసిస్‌కి క్లాంపులతో కట్టి ఉంటుంది. రెండు చేతులూ లింక్ రాడ్‌ల ద్వారా ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ తగులుకుంటాయి. కెనడాలో స్టీఫెన్ కోల్‌మన్ అనే ఆయనకి 1919లో దీని మీద పేటెంటు వచ్చింది. అంటే వందేళ్ళ పైబడిన వస్తువు, కొత్త ఫ్యాషనేమీ కాదు.

అది పని చేసే తీరు తడి బట్ట పిండినట్టే. రెండు చేతులూ ఒకే వైపు తిప్పితే బట్ట ఊరికే తిరుగుతుంది, నీళ్ళు రావు. ఒక చెయ్యి ఇటు, ఒక చెయ్యి అటు తిప్పితేనే మెలి పడుతుంది. స్పీడ్ బ్రేకర్ మీద రెండు చక్రాలూ ఒకేసారి లేస్తాయి. అప్పుడు బార్ తన బుష్‌లలో ఊరికే తిరుగుతుంది, దాని పని ఏమీ ఉండదు. మలుపులో బయటి చక్రం పైకి నొక్కుకుంటుంది, లోపలి చక్రం కిందికి జారుతుంది. అప్పుడు బార్‌లో మెలి పడుతుంది. ఆ మెలి విప్పుకోవాలని చూస్తూ బండిని నిటారుగా నిలపడానికి ప్రయత్నిస్తుంది.

ఇక్కడ కూర్చున్న పెద్ద డ్రైవర్లకి ఒక మాట. అంబాసిడర్‌లో ముందు టార్షన్ బార్ ఉండేది కదా, ఇదీ అదే అనుకోవద్దు. అంబాసిడర్‌లో ఆ బార్ స్ప్రింగ్ పనే చేసేది, బండి బరువంతా మోసేది. స్టెబిలైజర్ బార్ బరువు మొయ్యదు. రెండూ మెలి తిరిగే ఇనుమే, ఉద్యోగాలు వేరు.

ఇప్పుడు అసలు సంగతి. మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రాల మీద బరువు తగ్గి బయటి చక్రాల మీద పెరుగుతుంది. ఎంత పెరుగుతుందన్నది నాలుగు విషయాల మీద ఆధారపడుతుంది. బండి మొత్తం బరువు, ఎంత బిగువు మలుపుని ఎంత స్పీడులో తిరుగుతున్నాం, బరువుకి కేంద్రం నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది, ఎడమ టైరుకీ కుడి టైరుకీ మధ్య ఎంత వెడల్పు ఉంది. ఈ నాలుగింటిలో స్టెబిలైజర్ బార్ లేదు, గమనించారా? ఎంత లావు బార్ వేసినా బయటి వైపుకి మారే మొత్తం బరువు దాదాపు అంతే ఉంటుంది. బండి తక్కువ ఒరుగుతుంది, బరువు మారడం మాత్రం ఆగదు. పైన క్యారియర్ మీద రెండు బియ్యం బస్తాలు, నాలుగు సూట్‌కేసులు కట్టి బార్ మార్చమంటే నేనేం చెయ్యగలను? ఆ బస్తాలు దించి డిక్కీలో పెడితే వచ్చే లాభం ఏ బారూ ఇవ్వదు.

మరి బార్ చేసేదేమిటంటే, ఆ మారే బరువులో ముందు టైర్లు ఎంత మొయ్యాలి, వెనక టైర్లు ఎంత మొయ్యాలి అన్నది పంచుతుంది. ముందు బార్ గట్టిగా ఉంటే ముందు జతలో బయటి టైరు మీద ఎక్కువ పడుతుంది. వెనక బార్ గట్టిగా ఉంటే వెనక బయటి టైరు మీద పడుతుంది.

అది ఎందుకు ముఖ్యమో చెబుతాను. ఇద్దరు అన్నదమ్ములు చెరో బస్తా మోస్తున్నారనుకోండి. ఒకడి బస్తా తీసి రెండోవాడి నెత్తిన పెడితే వాడు ఇద్దరి పని చెయ్యలేడు, కాళ్ళు తడబడతాయి. టైరు కూడా అంతే. దాని మీద రెట్టింపు బరువు వేస్తే పట్టు పెరుగుతుంది గానీ రెట్టింపు కాదు. కాబట్టి ఒక జతలో బరువు ఎంత ఎక్కువగా ఒక టైరు మీదికే పోతే, ఆ జత మొత్తానికి పట్టు అంత తగ్గుతుంది. ముందు బార్ మరీ గట్టిదైతే ముందు టైర్లు ముందుగా ఓడిపోతాయి. స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు, నేరుగా పోతుంది. వెనక బార్ మరీ గట్టిదైతే వెనక టైర్లు ముందుగా ఓడిపోతాయి. బండి తోక బయటికి విసురుతుంది, గిర్రున తిరుగుతుంది.

ఈ రెండింటిలో మామూలు డ్రైవరుకి ఏది మేలు? ముందు టైర్లు జారితే మనం సహజంగా చేసే పనే పనికొస్తుంది. కాలు యాక్సిలరేటర్ మీంచి తీస్తాం, స్పీడు తగ్గుతుంది, ముందు టైర్లు మళ్ళీ పట్టుకుంటాయి. తోక విసిరినప్పుడు మాత్రం అదే పని కీడు చేస్తుంది. కాలు తీయగానే బరువు ముందుకి పోయి వెనక ఇంకా తేలికవుతుంది. అందుకే కంపెనీలు మామూలు కార్లని ముందు టైర్లే మొదట జారేలా తయారు చేస్తాయి. వాళ్ళకి స్పోర్టీగా చెయ్యడం రాక కాదు.

మన దారుల్లో ఇది ఇంకా ముఖ్యం. సుంకి దాటి సాలూరు వైపు దిగుతున్నాం. దిగుడు కాబట్టి బరువు ఎలాగూ ముందుకే వాలి ఉంటుంది. బ్రేకు మీద కాలుంటే ఇంకా ముందుకి. వెనక టైర్లు సగం తేలికై ఉన్నాయి. పైగా వానాకాలం, కొండ మీంచి ఎర్రమట్టి కొట్టుకొచ్చి మలుపు లోపలి అంచున పేరుకుని ఉంటుంది. అలాంటి చోట వెనక బార్ గట్టి చేసుకుని దిగడమంటే తోక విసరడానికి మనమే ఏర్పాటు చేసినట్టు.

నేను చేసిన తప్పు ఇదే. కొన్నేళ్ళ కిందట ఒక కుర్రాడు హ్యాచ్‌బ్యాక్ తెచ్చాడు. వెనక్కి వెయ్యమని కొత్త లావు బార్ కూడా తానే తెచ్చుకున్నాడు. లింక్ రాడ్ తగిలించడానికి దాని చేతికి మూడు కన్నాలున్నాయి, నడుం వైపు కన్నంలో పెడితే బార్ గట్టిపడుతుంది. "గట్టి కన్నంలోనే పెట్టు" అన్నాడు, పెట్టాను. పొడి రోడ్డు మీద తిప్పి చూశాం. బండి భలే తిరిగింది, ఒరగడమే లేదు, ఇద్దరం సంతోషపడ్డాం. అతను నెల ముందే రెండు కొత్త టైర్లు కొని ముందు వేయించుకున్నాడు. వెనక ఉన్నవి అరిగినవి. అది నేను చూశాను, చూసి కూడా ఏమీ అనలేదు. పది రోజులకి వానలో ఘాట్ దిగుతూ, మలుపు మధ్యలో ఎదురుగా లారీ కనిపించి కాలు తీసేశాడు. బండి గిర్రున తిరిగి కొండ వైపు కాలువలో పడింది. కొండ వైపు పడింది కాబట్టి బతికాడు. లోయ వైపు అయితే ఈ పూట నేను ఇక్కడ నిలబడి ఈ విషయం మాట్లాడగలిగేవాణ్ణి కాదు. ఆ రోజు నుంచి వెనక టైర్లు చూడకుండా ఏ బండికీ వెనక బార్ ముట్టుకోలేదు. రెండే కొత్త టైర్లు కొంటే అవి వెనకే వెయ్యాలి, ముందు చక్రాలతో నడిచే బండి అయినా సరే. ఈ ఒక్కటి మీ షెడ్డుకి వచ్చే ప్రతి కస్టమర్‌కీ చెప్పండి.

కాబట్టి ఎవరైనా బార్ మార్చమని వస్తే మొదటే బార్ వైపు చూడకండి. టైర్ల అరుగుదల, గాలి, షాక్ అబ్జార్బర్లు, బుష్‌లు, లింక్ రాడ్‌లు చూడండి. నా అనుభవంలో "ఒరిగిపోతోంది" అని వచ్చిన బళ్ళలో చాలావాటికి షాకర్లు పోయి ఉంటాయి, లేదంటే బార్ బుష్ నమిలేసినట్టు అరిగి ఉంటుంది. బుష్‌లో సందు ఉంటే ఆ సందు నిండేదాకా బార్ పని మొదలుపెట్టదు. అప్పటికి బండి సగం ఒరిగి ఉంటుంది, తర్వాత ఒక్కసారిగా పట్టుకుంటుంది. ప్యాసింజర్‌కి కడుపులో తిప్పేది ఆ కుదుపే. షాకర్‌కీ బార్‌కీ తేడా కూడా గుర్తుంచుకోండి. బండి ఎంత ఒరగాలో స్ప్రింగూ బారూ నిర్ణయిస్తాయి, ఎంత వేగంగా ఒరగాలో షాకర్ నిర్ణయిస్తుంది. ఒరిగి, లేచి, మళ్ళీ ఊగుతోందంటే అది షాకర్ జబ్బు. దానికి బార్ మందు కాదు.

పాత మారుతి 800 గురించి ఒక మాట చెప్పి ముందుకి పోతాను, ఎందుకంటే ఊళ్ళల్లో అవి ఇంకా తిరుగుతున్నాయి. దానిలో ముందు స్టెబిలైజర్ బార్ చివరలు నేరుగా లోయర్ ఆర్మ్‌లోకి, అంటే చక్రాన్ని కింద నుంచి పట్టుకునే చేతిలోకి, దూరి ఉంటాయి. ఆర్మ్ ముందుకీ వెనక్కీ కదలకుండా పట్టుకునేది కూడా ఆ బారే. అక్కడ బుష్ పోతే బ్రేకు వేసినప్పుడు బండి పక్కకి లాగుతుంది, ఎన్నిసార్లు అలైన్‌మెంట్ చేయించినా నిలవదు. అలైన్‌మెంట్‌కి పంపే ముందు ఆ బుష్ చూడండి.

అన్నీ బాగున్నాయి, అయినా బార్ మార్చాలి అనుకుందాం. ఎంత లావు? ఇక్కడే కుర్రాళ్ళు మోసపోతారు. రెండు మిల్లీమీటర్లే కదా అంటారు. కడ్డీ గట్టిదనం దాని వ్యాసంతో సమానంగా పెరగదు, వ్యాసం × వ్యాసం × వ్యాసం × వ్యాసం లెక్కలో పెరుగుతుంది. 20 మిల్లీమీటర్ల బార్ తీసి 22 వేస్తే పది శాతం లావు పెరిగింది, గట్టిదనం మాత్రం 46 శాతం పెరిగింది. 20 తీసి 25 వేస్తే దాదాపు రెండున్నర రెట్లు. చేత్తో పట్టుకుంటే తేడా తెలియదు, మలుపులో తెలుస్తుంది. కాబట్టి వెర్నియర్ పెట్టి కొలవండి, ముందు తుప్పు గీకండి. ఒక్కోసారి ఒకటి రెండు మిల్లీమీటర్లకి మించి పోవద్దని నా అభిప్రాయం.

లోపల బోలుగా ఉన్న బార్ చూసి తక్కువ రకం అనుకోకండి. మెలి తిరిగేటప్పుడు పనంతా పైభాగపు ఇనుమే చేస్తుంది, నడిమధ్యది పెద్దగా చెయ్యదు. బయట 25, లోపల 15 మిల్లీమీటర్ల బోలు ఉన్న బార్, నిండు బార్‌లో 87 శాతం గట్టిగా ఉంటుంది, బరువు మాత్రం 64 శాతమే.

ఇక బార్ చేతి పొడవు. కన్నాలున్న బార్‌లలో సర్దుబాటు అంటే ఇదే. లింక్ రాడ్‌ని నడుం వైపు కన్నంలోకి జరిపితే చెయ్యి పొట్టిదై బార్ గట్టిపడుతుంది. చివరి కన్నంలో పెడితే మెత్తబడుతుంది. చెయ్యి 250 మిల్లీమీటర్లు ఉంటే, 25 మిల్లీమీటర్లు లోపలి కన్నానికి జరిపినప్పుడు దాదాపు 23 శాతం గట్టిపడుతుంది. కొత్త బార్ వేస్తే మెత్తని కన్నంతో మొదలుపెట్టండి. ఒకసారికి ఒక్కటే మార్చండి, ముందో వెనకో. రెండూ ఒకేరోజు మారిస్తే ఏది ఏం చేసిందో ఎవరికీ తెలియదు. టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి కొలిచి పుస్తకంలో రాయండి. రెండు పౌన్ల గాలి తేడా కూడా బండి స్వభావం మారుస్తుంది, మీరు అది బార్ వల్ల అనుకుంటారు. పరీక్ష ఘాట్ మీద వద్దు. ఖాళీ మైదానంలో, తక్కువ స్పీడులో, ముందు పొడి నేల మీద, తర్వాత తడి నేల మీద చూడండి. తడి నేల మీద చూడకుండా ఆ బండిని ఓనరుకి ఇవ్వొద్దు.

బిగించేటప్పుడు ఒక జాగ్రత్త. ఒక్క చక్రం జాకీ మీద లేపి లింక్ రాడ్ విప్పబోతే బోల్టు రాదు, సుత్తితో కొడతాం. బార్ అప్పటికే మెలి తిరిగి ఉంది కాబట్టే అది రావడం లేదు. రెండు చక్రాలూ సమానంగా లేపండి, లేదా పిట్ మీద రెండూ నేల మీదే ఉంచండి, చేత్తో వచ్చేస్తుంది. పొడవు సర్దగలిగే లింక్‌లైతే బండి సమంగా ఉన్న నేల మీద, డ్రైవరు సీట్లో కూర్చుని ఉండగా, రెండో లింక్ బోల్టు బలవంతం లేకుండా దూరేదాకా పొడవు సర్దాలి. లేకపోతే నేరుగా పోతున్నప్పుడు కూడా బార్‌లో మెలి ఉండి, ఎడమ మలుపుకి ఒకలా కుడి మలుపుకి ఒకలా తిరుగుతుంది. పాలీయూరితేన్ బుష్‌లు వేస్తే సిలికాన్ గ్రీజు పెట్టండి. మామూలు గ్రీజు పెట్టి వారానికే కిర్రుమంటోందని బుష్‌ని తిట్టొద్దు.

విరిగిన బార్‌ని గ్యాస్ వెల్డింగ్ చేయించి మళ్ళీ వేస్తున్న షెడ్డులున్నాయి. వేరే బండి బార్‌ని ఎర్రగా కాల్చి వంచి సరిపెట్టేవాళ్ళూ ఉన్నారు. దయచేసి మానండి. అది స్ప్రింగ్ స్టీలు, కొలిమిలో లెక్క ప్రకారం గట్టిపరిచినది. మంట తగలగానే ఆ చోట గుణం పోతుంది, అక్కడే మళ్ళీ పగులుతుంది. ఈసారి మలుపు మధ్యలో పగులుతుంది.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. ఎక్కువ మార్పులు చేసిన బండికి ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు దగ్గర చిక్కు వస్తుంది. ఓనరుకి ముందే చెప్పి చెయ్యండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు. అడుగు తమ్ముడూ.

(బండి కింద టక్ టక్ చప్పుడు వస్తోంది, లింకో షాకరో ఎలా తెలుస్తుంది?)

మంచి ప్రశ్న. రెండు వైపుల లింక్ రాడ్‌లూ విప్పి, బార్ చివరలు దేనికీ తగలకుండా తాడుతో కట్టి, మీ వీధిలో గతుకుల మీద నెమ్మదిగా వంద గజాలు నడుపు. చప్పుడు పోయిందంటే లింకో, బార్ బుషో. పోకపోతే షాకర్ టాప్ మౌంట్, లోయర్ ఆర్మ్ చూడు. మెయిన్ రోడ్డు ఎక్కొద్దు, బండి బాగా ఒరుగుతుంది. ఇంకోటి, లింక్‌ని చేత్తో ఊపి చూడాలంటే రెండు చక్రాలూ నేల మీద ఉండాలి. ఒకటే లేపితే మెలి బిగువుకి అరిగిన లింక్ కూడా గట్టిగానే కనిపిస్తుంది.

(మా హ్యాచ్‌బ్యాక్‌కి వెనక బారే లేదు, కంపెనీ మోసం చేసినట్టా?)

లేదు బాబూ. చాలా చిన్న కార్లలో వెనక రెండు చక్రాలనీ కలుపుతూ ఒక దూలం ఉంటుంది. ఆ దూలమే మెలి తిరిగి బార్ పని చేస్తుంది. కొన్నింటిలో దాని లోపలే సన్నని బార్ ఒకటి దాచి ఉంటుంది. లేదని ఇంకోటి తగిలించకు.

(నాది ట్యాక్సీ. విశాఖ ఆసుపత్రులకి పేషెంట్లని తీసుకెళ్తాను. కిందటి సంవత్సరం ముందు లావు బార్ వేయించాను. మలుపుల్లో బాగుంది గానీ గతుకుల్లో పడుకున్నవాళ్ళు బాధపడుతున్నారు.)

అన్నా, నువ్వు చెప్పింది సరిగ్గా ఆ బార్ వల్లే. ఎడమ చక్రం గుంతలో పడితే కుడి చక్రం స్వతంత్రంగా ఉండాలి. గట్టి బార్ ఉంటే ఎడమ దెబ్బ కుడికి కూడా పోతుంది, బండి మొత్తం పక్కకి విసురుతుంది. కూర్చున్నవాడికి తల ఊగుతుంది. పడుకున్నవాడికి ఆపరేషన్ కుట్ల మీద నొప్పి. ఇక్కడ నుంచి విశాఖ 200 కిలోమీటర్లకు పైగా, అందులో సగం మలుపులు, గుంతలు. ఆ బార్ తీసేసి కంపెనీ కొలత బారే కొత్త బుష్‌లతో, కొత్త లింక్‌లతో వేయిద్దాం. షాకర్లు ఎన్ని కిలోమీటర్లు తిరిగాయో చెప్పు, బహుశా అవి మార్చాలి. పైన క్యారియర్ ఉందా? పేషెంటుతో వెళ్ళే రోజు దాని మీద ఏమీ కట్టకు. రేపు పొద్దున్నే రా, ఎండ ఎక్కక ముందే చేసేద్దాం. పాత బార్ కొలత నీ ముందే తీసి చూపిస్తాను.